ఖాళీ గంపతో వెనక్కి

పడవలు ఒడ్డెక్కే వేళకి కూడా జగ్గమ్మ ఏ చీర కట్టుకోవాలో తేల్చుకోలేదు.

అలాగని ఆవిడ దగ్గర బీరువా నిండా చీరలేమీ లేవు. దండెం మీద ఆరేసి ఉన్నవి రెండే. ఆకుపచ్చది నిన్న కట్టుకుంది. నిన్న ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఈరోజూ అదే కట్టుకుంటే మంచిదేమో అనిపించింది. కానీ దాని కొంగుకి నిన్నటి నీచు అంటుకుని ఉంటే, అది ఈరోజు చేపకి తగిలితే? పసుపుచీర శుభ్రంగా ఉతికిందే. అయితే టీచరమ్మగారి పాపకి వాంతులు కావడానికి ముందురోజు తను కట్టుకున్నది ఆ పసుపుచీరే. జగ్గమ్మ ఆకుపచ్చది తీసింది, మళ్ళీ దండెం మీద వేసింది. పసుపుది అందుకుంది, వదిలేసింది.

"ఓలే జగ్గీ! పాట మొదలెట్టేస్తన్నారు. సీర కట్టుకోడానికి ఇంతసేపేటే?" వాకిట్లోంచి అత్త తాతమ్మ కేకేసింది.

"వస్తన్నాను అత్తా!" అంటూ జగ్గమ్మ చేతికందింది చుట్టబెట్టుకుని గంప తీసుకుని పరుగెత్తింది. చేతికందింది ఆకుపచ్చదే. దారంతా అది సరైనదేనా కాదా అన్న గొడవ లోపల జరుగుతూనే ఉంది.

ఆ రేవులో జగ్గమ్మ పేరు ఒకప్పుడు పేరే. వల దులిపి చేపని ఇసుక మీద పోసీపోయకముందే వేలంపాట మొదలవుతుంది. కుప్ప చుట్టూ ఆడవాళ్ళు మూగుతారు, పాట నడిపే కూర్మయ్య ధర అరుస్తాడు, కన్ను మూసి తెరిచేలోగా పాట పెంచాలి, లేకపోతే కుప్ప ఇంకొకరి గంపలోకి పోతుంది. ఈ పనిలో ఆలోచించే వాళ్ళకి చోటు లేదు. జగ్గమ్మ కుప్పని దూరం నుంచే చూసి, నడుస్తూ నడుస్తూనే పాట కొట్టేసేది. "దీని కళ్ళలో తక్కెడున్నాదర్రా," అని కూర్మయ్య నవ్వేవాడు. ఇదంతా రెండేళ్ళ కిందటి మాట.

ఆవేళ ఆదివారం. మొదటి పడవ నుంచి నిగనిగలాడే కానాగంత చేపలు పడ్డాయి. జగ్గమ్మ వంగి ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. ఇంకోటి చూసింది. అదీ ఎర్రగానే ఉంది. మూడోదాని ఎరుపు కాస్త తక్కువనిపించింది. తక్కువేనా? ఎండ పడక అలా కనబడిందా? వేలితో పొట్ట నొక్కింది, వేలు వాసన చూసుకుంది, మళ్ళీ మొప్ప ఎత్తింది.

"ఓ అప్పా, పాడతావా, పక్కకెల్తావా?" అన్నాడు కూర్మయ్య.

పాడాలనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆ కుప్ప తోడికోడలు లక్ష్మణమ్మ గంపలోకి వెళ్ళింది. రెండో కుప్పా అంతే. చివరికి అందరూ వదిలేసిన ఆఖరి పడవ చేప మిగిలింది. బాగోలేదని కాదు గానీ మొదటి పడవ దానికి సాటి రాదు. మంచి చేప కోసమే అంత వెతికి, ఆ వెతుకులాట వల్లే రోజూ ఆఖరి చేపతో తేలడం జగ్గమ్మకి మామూలైపోయింది. ఈ సంగతి తనకీ తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగదు.

ఇంటి ముందు గంప దించి, "అత్తా, ఒక్కసారి సూడు," అంది.

తాతమ్మ వయసులో ఉన్నప్పుడు కోటబొమ్మాళి వీధులన్నీ తన గొంతుతో లేపిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఆ వీధుల్ని చిన్నకోడలికి అప్పజెప్పింది. అప్పజెప్పడమంటే ఊరికే చెప్పడం కాదు. వాడుక ఇళ్ళన్నిటికీ కోడల్ని వెంటబెట్టుకెళ్ళి, గుమ్మం గుమ్మానా తన నెత్తి మీది గంప దించి కోడలి నెత్తిన పెట్టి, "ఇక మీదట ఇదొస్తాది అమ్మా, నన్ను సూసినట్టే సూడండి," అని చెప్పింది. పెద్దకోడలు లక్ష్మణమ్మకి సంతలు దక్కాయి, జగ్గమ్మకి వీధులు దక్కాయి.

తాతమ్మ నాలుగు చేపలు తిప్పి చూసి, "బాగుందే," అంది.

జగ్గమ్మకి ప్రాణం లేచొచ్చింది. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని గంప మీద చెయ్యి వేసేసరికి ఆ ప్రాణం మళ్ళీ జారిపోయింది. "అడుగునున్నవి సూడలేదు అత్తా. ఇంకొక్కసారి."

మొదట్లో తాతమ్మకి ఇది ఎంతో ముద్దొచ్చేది. 'నా కోడలు నన్నడక్కుండా గడప దాటదు' అని ఇరుగుపొరుగు దగ్గర గొప్పలు పోయేది. ఇప్పుడా ముచ్చట తీరిపోయింది. "నా కళ్ళు పోయేయనుకుంటన్నావా ఏటి? బాగుందన్నాను కదే! బాగుంది, బాగుంది, బాగుంది! సాలా? ఎల్లు, ఆటో వాడు ఎల్లిపోతాడు."

ఆటో అప్పటికే వెళ్ళిపోయింది.

తరువాతి ఆటో పట్టుకుని కోటబొమ్మాళిలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఆదివారమంటే చేప కోసం జనం వీధరుగుల మీద కాచుకుని ఉండే రోజు. "సేపలమ్మా, సేపలు! కానాగంతలు!" అంటూ మొదటి వీధిలోకి తిరిగింది జగ్గమ్మ.

బోణీ ఎప్పుడూ కుసుమకుమారి టీచరమ్మ ఇంట్లోనే. ఆవిడ చెయ్యి మంచిదని తాతమ్మ నాటి నుంచీ నమ్మకం. ఆవిడ కిటికీలోంచి చూసి, "ఈరోజు వద్దు జగ్గమ్మా," అంది. పక్కింటివాళ్ళు బదులే చెప్పలేదు. ఎదురింటి ముసలాయన, "కోడి తెచ్చేశాం," అని లోపలికి వెళ్ళిపోయాడు. రెండో వీధిలో ఒకావిడ గంప దించమని, చేప చూసి, ఎందుకో జగ్గమ్మ మొహం కూడా చూసి, "వద్దులే," అని తలుపు వేసుకుంది.

దించిన గంప ఒక్కరూ నెత్తికెత్తుకోలేరు. ఎదుటి మనిషి ఒక చెయ్యి వెయ్యాలి. కొన్నా కొనకపోయినా ఆ చెయ్యి వెయ్యడం ఆ వీధుల్లో మర్యాద. జగ్గమ్మ మూసిన తలుపు ముందు నిలబడి, "అమ్మా, కాస్త సెయ్యెయ్యండమ్మా," అంది. ఎవరూ రాలేదు. ఎండలో అలా నిలబడి, చివరికి గంపని అరుగు అంచుకి జరుపుకుని, మోకాలు ఆనించి, నడుం కలుక్కుమనేలా తనే ఎత్తుకుంది. వీధి నిండా ఇళ్ళు, ఇళ్ళ నిండా మనుషులు. ఆవిడకి మాత్రం నిర్మానుష్యమైన ఇసుక మీద నడుస్తున్నట్టే ఉంది.

ఎందుకిలా అయిందో ఆవిడకి తెలియకపోలేదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో, చేప కొన్న మర్నాడు టీచరమ్మగారి పాపకి వాంతులయ్యాయి. కుళాయి నీళ్ళ వల్లేనని డాక్టరు చెప్పాడు. పాప రెండు రోజుల్లో లేచి ఆడుకుంది. జగ్గమ్మని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. టీచరమ్మే ఎప్పుడో మాటల సందర్భంలో నవ్వుతూ చెప్పింది. అందరూ మరిచిపోయిన ఆ మాట జగ్గమ్మలో మాత్రం ఉండిపోయింది. నీళ్ళ వల్లే అని డాక్టరు చూసి చెప్పాడా, ఊహించి చెప్పాడా? ఆ రోజు చేప మొప్పలు తను చూసిందా, చూశాననుకుందా?

అప్పట్నుంచీ, అమ్మకం అయ్యాక ఆటో ఎక్కగానే పాప మొహం కళ్ళ ముందుకొచ్చేది. ఆటో ఊరు దాటేలోగా దిగిపోయేది. ఖాళీ గంప చంకన పెట్టుకుని మిట్టమధ్యాహ్నం అమ్మిన ఇళ్ళన్నిటికీ తిరిగి వెళ్ళేది. "అమ్మా, కూర బాగుందా? అందరూ కులాసాయేనా? ఎవరికీ కడుపులో ఏటీ లేదు కదా?" అందరూ బాగున్నారని వింటే గుండె కుదుటపడేది. వీధి మలుపు తిరిగేసరికి, అప్పుడే తిన్నవాళ్ళకి అప్పుడే ఏం తెలుస్తుంది, సాయంత్రానికి గదా తెలిసేది, అనిపించేది.

ఇంట్లో అయితే చేప కూర వండడమే మానేసింది. మొగుడు లక్ష్ముడు వేటకి పోయి సముద్రాన్ని దులిపి వస్తాడు, కంచంలో మాత్రం రోజూ పప్పే.

ఆ మధ్యాహ్నం గంప గంపగా వెనక్కి వచ్చింది. ఆ ఇంట్లో గంప బరువుతో తిరిగి రావడం తాతమ్మ ఎరగదు.

లక్ష్ముడు అరుగు మీద పప్పన్నం కలుపుకుంటున్నాడు. తాతమ్మ చేపలకేసి చూసింది, కోడలికేసి చూసింది. అప్పుడే సంత నుంచి వచ్చిన లక్ష్మణమ్మ కూడా అక్కడే ఉంది. ఆవిడ తోడికోడలి మీద కసి ఉన్న మనిషి కాదు, కానీ విన్నది దాచుకోలేని మనిషి.

"సెప్పకూడదనుకున్నాను అత్తా," అంది లక్ష్మణమ్మ. "సంతలో అందరూ అంటన్నారు. మన జగ్గి పాడు సేప అమ్మి, మద్దేనం ఎల్లి ఎవులైనా సచ్చేరా, బతికేరా అని సూసుకుంటాదంట."

లక్ష్ముడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏటే ఇది?" తాతమ్మ గొంతు పెద్దగా లేవలేదు. అందుకే మరీ భయమేసింది. "మా అత్త నాకిచ్చింది ఆ వీధుల్ని. తుపాన్లొచ్చినా, పస్తులున్నా, పాడు సేప అమ్మిన పేరు ఈ ఇంటికి రాలేదు. అమ్మేవా?"

"నేదత్తా! మంచి సేపే. నువ్వు సూసిందే కదా."

"మరెందుకెల్లేవు వెనక్కి?"

జగ్గమ్మ చుట్టకుదురు తీసి చేతుల్లో మెలిపెట్టింది.

"అడుగుతంటే సెప్పవేటే?" లక్ష్ముడు కంచం ముందుకి నెట్టాడు. "ఇంటికొచ్చి నాకైనా సెప్పొచ్చు కదా? ఏటి దాస్తన్నావు?"

ఏం చెప్పాలి? మంచి చేపని మంచి చేప అని నమ్మలేకపోతున్నానని చెప్పాలా? సముద్రం ఒడ్డున పుట్టి, చేపల మధ్య పెరిగి, చేపని చూసి మంచిదో కాదో తేల్చుకోలేకపోతున్నానంటే ఎవరు నమ్ముతారు? పిచ్చిదంటారు, లేదా గాలి సోకిందని ఎవరి దగ్గరికో ఈడ్చుకెళ్తారు. పోనీ ఒకవేళ అనుమానమే నిజమైతే? జగ్గమ్మ తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీరింది. తప్పు చేసిన మనిషి ఎలా నిలబడుతుందో అచ్చం అలాగే నిలబడింది.

"సరే," అంది తాతమ్మ. "రేపట్నించి కోటబొమ్మాళి లక్ష్మణమ్మ ఎల్తాది. నువ్వు ఇంట్లో కూకో."

విచిత్రం ఏమిటంటే, ఆ మాట వినగానే జగ్గమ్మకి ముందుగా హాయనిపించింది. ఇక అమ్మక్కర్లేదు, ఇక ఎవరికీ ఏమీ కాదు. ఆ హాయి మీదే సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వీధులు పోతే తనకింకేముంది? కొడుకు నాగబాబు చీపురుపల్లి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు, మొగుడు నీళ్ళ మీద ఉంటాడు. తనని పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా ఆ వీధుల్లోనే ఉన్నారు. దుఃఖం ఆగక వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడిస్తే వదిలేసే మనిషి కాదు తాతమ్మ. "ఏడుపెందుకే, తప్పు నేకపోతే? లే. ఆ టీచరమ్మ గుమ్మం కాడే తేలాల." మోకాళ్ళ నొప్పులన్నీ పక్కన పెట్టి, కోడలి రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది.

కుసుమకుమారి వాకిట్లో కుర్చీ వేసుకుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఎన్నేళ్ళ తరువాతో తాతమ్మని చూసి గబగబా లేచింది.

"అమ్మా, నా కోడలు మీకు పాడు సేప ఇచ్చిందా?" తాతమ్మ కూర్చోలేదు, మంచినీళ్ళు వద్దంది. "ఇచ్చుంటే సెప్పండి. ఈ గుమ్మం కాడే ముక్కు నేలకి రాయిస్తాను."

టీచరమ్మ ఇబ్బంది పడింది. "చేప ఎప్పుడూ బాగానే ఉండేది తాతమ్మా. అబద్ధం చెప్పకూడదు. కానీ తిన్నాక వచ్చి ఎవరికైనా కడుపునొప్పా అని అడుగుతుంది. మొదట్లో ఎంత మంచి మనిషో అనుకున్నాను. రోజూ అడుగుతుంటే ఏమనుకోవాలి చెప్పు? అమ్మిన మనిషికే నమ్మకం లేని చేప మేమెలా తింటాం? మొన్న కూరంతా పారబోశాను. పక్కవాళ్ళకీ నేనే చెప్పాను."

"విన్నావా?" అంది తాతమ్మ కోడలితో. "ఇప్పుడైనా నోరిప్పు."

జగ్గమ్మ నోరు విప్పింది. రెండేళ్ళుగా బిగబట్టుకున్నదేమో, ఒక్కసారిగా బయటపడింది.

"సేప మంచిదే అమ్మా. నాకు తెలుసు. తెలిసినా నమ్మకం రాదు. సూస్తాను, బాగుంటాది. తల తిప్పుతాను, సూసేనా నేదా అనిపిస్తాది. అత్త బాగుందంటాది, ఆ మాట గంప ఎత్తేదాకా కూడా ఉండదు. ఆటో ఎక్కితే మీ పాప మొకం కనబడతాది. నా సేతులారా ఇసం పెట్టీసినట్టు ఉంటాది. మీరు బాగున్నామంటేనే ఊపిరాడతాది. అందుకే వస్తన్నాను. అలా అడిగితే మీకు అనుమానం వస్తాదని నాకు తట్టనే నేదు. సీర కట్టాలన్నా ఇదే, ఉప్పెయ్యాలన్నా ఇదే. రోజంతా నా బుర్రలో ఎవులో నిలబడి ఏమో, ఏమో అంటాడు. ఎవులికి సెప్పను? సెప్తే పిచ్చిదంటారు. పిచ్చిదాన్నేనేమో కూడా, తెలీదు."

తాతమ్మ కోడలి రెక్క వదిలేసింది.

టీచరమ్మ లోపలికి చూసి పాపని పిలిచింది. రెండు జడలు వేసుకుని, మోకాలి మీద దెబ్బ తాలూకు మచ్చతో ఆ పిల్ల వచ్చి నిలబడింది. జగ్గమ్మ ఆ పిల్లని పై నుంచి కింది దాకా చూసింది. చూసినంతసేపూ బాగుంది. ఆ పిల్ల లోపలికి పరుగెత్తగానే మళ్ళీ మొదలైంది. టీచరమ్మ అదంతా జగ్గమ్మ మొహంలోనే చూసింది.

"మా నాన్నకి ఉండేది ఇది," అంది మెల్లగా. "తాళం వేసి, లాగి చూసి, బజారు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి లాగేవారు. మేం నవ్వేవాళ్ళం. పెళ్ళిళ్ళకి రావడం మానేస్తే గర్వమనుకున్నాం. అమ్మ పోయాక, ఆయనొక్కరే తలుపు దగ్గర నిలబడి తాళం పట్టుకుని ఏడవడం చూశాను. అప్పటికి గానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని తోచలేదు. విజయనగరంలో నరసింగరావుగారని ఉన్నారు. ఇది పిచ్చి కాదు జగ్గమ్మా, జబ్బు. నాకు తెలిసుండి కూడా గుర్తుపట్టలేకపోయాను."

ఆ వారమే అత్త, కోడలు, లక్ష్ముడు ముగ్గురూ విజయనగరం పాసింజరు బండి ఎక్కారు. లక్ష్ముడు వేట మానుకుని వచ్చాడు. దారిలో జగ్గమ్మ ఇంటి తలుపు గురించి ఒక మాటు, పొయ్యి గురించి ఒక మాటు అడిగింది. లక్ష్ముడు ఓపికగా, "ఏసేనే, ఆర్పేనే," అంటూ వచ్చాడు.

నరసింగరావు డాక్టరు పెద్దాయన. జగ్గమ్మ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. అనుమానమే ఒక జబ్బుగా పట్టుకుంటుందని, మాత్రలు వాడాలని, అవి పనిచెయ్యడానికి వారాలు పడుతుందని చెప్పాడు. తరువాత తాతమ్మ వైపు తిరిగాడు.

"చేప బాగుందా అని మిమ్మల్ని అడిగితే ఏమంటారు?"

"బాగుందంటాను బాబూ. ఎన్నిసార్లు అడిగినా సెప్తాను. ఇసుక్కుంటాను గానీ సెప్తాను."

"చెప్పాక ఎంతసేపు ఊరుకుంటుంది?"

తాతమ్మ చెప్పబోయి ఆగిపోయింది. "గంప ఎత్తేదాకా," అంది చివరికి.

"మీరు బాగుందన్న ప్రతిసారీ ఆమెకి కాస్త హాయిగా ఉంటుంది. దురద పుట్టినచోట గోకినట్టు. గోకిన కొద్దీ దురద పెరుగుతుంది. ఇక మీదట చేప ఒక్కసారే చూడాలి, అమ్మాక వెనక్కి వెళ్ళకూడదు. మీరెవరూ బాగుందని చెప్పకూడదు."

"మరి అడిగితే ఏటి సెప్పాల?"

"తెలియదని చెప్పండి. రేపు ఎవరికి ఏమవుతుందో మనకెవరికీ తెలియదు కదా. అందరం ఆ తెలియకపోవడంతోనే బతుకుతున్నాం. ఆమెకి అది కష్టంగా ఉంది, అంతే."

తాతమ్మ గదిలోంచి బయటికొచ్చి బల్ల మీద కూలబడింది. "అంటే నానేనా?" అంది లక్ష్ముడితో. "మంచి మాట సెప్తన్నాననుకుని, ఇన్నాళ్ళూ నానే దీన్ని ముంచేసేనా?" లక్ష్ముడు తల్లికి టీ తెచ్చిచ్చాడు.

మాత్రలు మింగినంత సులువు కాలేదు మిగతాది. రేవులో పాట కొన్నాళ్ళు లక్ష్మణమ్మే పాడి పెట్టింది. వీధులు తీసుకుంటుందనుకున్న మనిషి, "నాకెందుకే నీ వీదులు, నా సంతలు నాకు సాలు," అని మొదటి కుప్ప తెచ్చి జగ్గమ్మ గంపలో పోసేది. కొన్నిళ్ళు తిరిగి చేప కొన్నాయి, కొన్నిళ్ళు కొనలేదు. జగ్గమ్మ ఒక రోజు ఆటో నుంచి దిగిపోకుండా ఇంటికొచ్చేది, మర్నాడు సగం దారిలో దిగిపోయి వెనక్కి పరుగెత్తేది. తాతమ్మ ఎంత బిగబట్టుకున్నా, కోడలు కాళ్ళు పట్టుకున్నంత పని చేసి అడిగితే, "బాగుందే తల్లీ, ఎల్లు," అనేసేది. అన్నాక నాలుక కరుచుకునేది.

చలికాలంలో ఒక రోజు పొద్దున్నే తాతమ్మ, "నానూ వస్తాను," అని కర్ర పట్టుకుని ఆటో ఎక్కింది.

టీచరమ్మ గుమ్మంలో జగ్గమ్మ గంప దించింది. ఒక మొప్ప ఎత్తి ఒక్కసారి చూసింది. మళ్ళీ వేలు పోబోతే, ఆ వేలిని పిడికిట్లో పెట్టుకుంది. చేపలు శుభ్రం చేసి ఇచ్చింది. టీచరమ్మ చెయ్యి వేసి గంప నెత్తికెత్తి, మరో మాట లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకీ డాక్టరు చెప్పింది తెలుసు.

వీధి మలుపు దగ్గరికొచ్చేసరికి జగ్గమ్మ కాళ్ళు ఆగిపోయాయి. రెండో చేప పొట్ట మెత్తగా లేదూ? ఆ పిల్ల మధ్యాహ్నం ఆ కూరే తింటుందేమో! వెనక్కి నాలుగడుగులు వేస్తే చాలు, ఒక్క మాట అడిగితే చాలు.

"అత్తా," అంది. "సేప బాగుంటాదా? పాపకి ఏటీ కాదు కదా?"

తాతమ్మ కర్ర మీద ఆనుకుని నిలబడింది. బాగుందే అన్న మాట ఆవిడ నోటి దాకా వచ్చింది. జీవితమంతా ఈ వీధుల్లో చేప గురించి ఆవిడ ఆ మాట తప్ప ఇంకోటి అని ఎరగదు. పెదాలు కదిలాయి. కోడలి మొహంలోకి చూసింది.

"నాకు తెలీదే అమ్మా," అంది.

ఆ ముసలి కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. "బాగుంటాదేమో. బాగుండదేమో. నాకూ తెలీదు. నడు."

జగ్గమ్మ అత్త వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. రెండేళ్ళుగా అందరూ తనకి 'బాగుంది' అనే చెప్పారు. చెప్పి, ఆ బాగున్నవైపే వాళ్ళు ఉండిపోయారు, తనొక్కతే ఇటు మిగిలిపోయింది. తెలియదన్న మాట ఇంత దగ్గరగా వినిపించడం ఇదే మొదలు. భయం తగ్గలేదు. కానీ ఆ భయంలో ఈరోజు ఒక మనిషి తోడుంది, మోకాళ్ళ నొప్పితో, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి.

"నడు అత్తా," అంది జగ్గమ్మ. వెనక్కి చూడకుండా రెండో వీధిలోకి తిరిగింది. కేక వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మూడోసారికి గొంతు వచ్చింది.

ఆ సాయంత్రం మిగిలిన కానాగంతలు ఇంట్లోనే కోసి, చింతపండు పులుసు పెట్టింది. ఉప్పు వేసింది, వేశానా అనుకుంది, మళ్ళీ వెయ్యకుండా గరిట పక్కన పెట్టేసింది. లక్ష్ముడు వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. కంచంలో పప్పుకి బదులు పులుసు చూసి భార్య మొహంలోకి చూశాడు, తల్లి మొహంలోకి చూశాడు.

కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. ఎన్నాళ్ళకి దొరికిన రుచో, నోరు తెరిచి ఏదో అనబోయాడు. జగ్గమ్మ కొంగు నలుపుతూ ఊపిరి బిగబట్టి నిలబడింది. లక్ష్ముడికి డాక్టరు మాట గుర్తొచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, ఏమీ అనకుండా కంచం ముందుకి జరిపాడు.

"ఇంకాస్త ఎయ్యి," అన్నాడు.

జగ్గమ్మ వేసింది. తరువాత తనూ కంచం తెచ్చుకుని, అత్త పక్కన కూర్చుని తింది.